పూడిక

మహారాణిపేట ఆసుపత్రిలో నేల కింది గది.
అందరి రికార్డులకీ నకళ్ళు తియ్యడం నా ఉద్యోగం అంటారు.
తీసేది యంత్రం.
ఏ నకలు ఏ టేపులో ఎన్నో మూర దగ్గరుందో
రాసుకునే చిట్టాని బతికించడం నా పని.

చిట్టా పోయినా టేపులు పదిలంగానే ఉంటాయి,
పోర్టు యార్డులో నంబర్లు చెరిగిన కంటైనర్లలాగా.
ఒకదాంట్లో మందులు, ఒకదాంట్లో మేకులు.
తలుపు తెరిస్తే గానీ తెలీదు.

నాకు ముందు ఇక్కడున్న కర్రి సన్యాసిరావు గారు
ర్యాకు వెనక గోడ మీద పెన్సిల్‌తో లెక్క వేసి పోయారు:
ఫైళ్ళు ఇన్ని కోట్లు,
ఒక్కో పేరుకి నూటయాభై బైట్లు,
ఉంచాల్సిన నకళ్ళు ఇన్ని,
మొత్తానికి ఇంకో అంత కలుపు.
ఆ చివరి ముక్క కింద రెండు గీతలు.
ఎందుకో రాయలేదు.

కొన్నవాళ్ళు కలపలేదు.

అప్పట్లో స్కాన్ అంటే ఒక ఫిల్ము.
ఇప్పుడు ఒక్క గుండె రెండు వేల ముక్కలుగా వస్తుంది,
ముక్కముక్కకీ ఓ పేరు, ఓ తేదీ, ఓ వరస.
జూన్‌లో డిస్కు తొంభై. ఆగస్టులో తొంభై నాలుగు.
అకౌంట్స్‌లో పేరి కామేశ్వరి గారు ఫైలు మూసి అడిగారు:
"సామానుకి అంటే సరే,
పేర్ల జాబితాకి ఇంత చోటా అమ్మా?"

జవాబు నా దగ్గరుంది, డబ్బు ఆవిడ దగ్గరుంది.
కత్తిరించాను.
ఏడేళ్ళు దాటిన పేర్లు కోటీ నలభై లక్షలు, ఒక్క ఆజ్ఞ.
డిస్కు ఇంకా తొంభై నాలుగే అంది.
తుడిస్తే చోటు రాదు, తుడిచినచోట బొక్క మిగులుతుంది.
మిగిలినవాటిని దగ్గరగా జరిపి కొత్తగా పేర్చాలి,
పేర్చడానికి ముందు ఇంకో అంత చోటు కావాలి.
అప్పుడు తెలిసింది ఆ రెండు గీతలెందుకో.

రేడియాలజీ వాళ్ళ పాత డిస్కు అరువు తెచ్చి
శనివారం రాత్రి పదకొండుకి మొదలెట్టాను.
మేడ మీదికెళ్తే సముద్రం నలుపు.
హార్బరు నోటి దగ్గర డ్రెడ్జరు దీపం
అటూ ఇటూ.
ఏటా దక్షిణం నుంచి ఇసక నడిచి వస్తుంది,
ఏటా తవ్వి తెచ్చి బీచిలో పోస్తారు,
ఏటా బీచి కొంత మళ్ళీ వెళ్ళిపోతుంది.
ఆ దీపం దగ్గర ఎవరూ "అయిపోయింది" అనరు.

తెల్లారేసరికి ఎనభై ఒకటి. నిద్రపోయాను.

సోమవారం జాలరిపేట నుంచి వాసుపల్లి నూకరాజు,
పక్కన సంచీ పట్టుకుని పదేళ్ళ పిల్ల.
"దీని గుండెకి బొక్కుందని సిన్నప్పుడు తీసినారమ్మా బొమ్మ.
అప్పుడెంతుందో సూడాలంతన్నారు ఆపరేసన్ డాక్టరుగోరు."
వెతికాను. లేదు అంది తెర.
లేకపోవడం కాదు, పేరు లేకపోవడం.
ఆ సంవత్సరం టేపులు ఆరూ అలమారలోనే ఉన్నాయి,
మళ్ళీ వాడడానికి ఎవరూ తియ్యలేదు.
బద్ధకం కూడా ఒక్కోసారి దేవుడే.

"ఉంది. ఎక్కడుందో నేనే చెరిపేశాను" అన్నాను.
ఆయన కోప్పడలేదు.
"వల పోయినకాడ గురుతు తెలీకపోతే ఏటి సేత్తాం?
కొక్కెం ఏసి ఈడ్సుకుంటా ఎల్తాం."

మొదటి టేపు మొదటి మూర నుంచి.
టేపుకి పదకొండు గంటలు.
ఎవరెవరివో మోకాళ్ళు, ఊపిరితిత్తులు, బిల్లులు,
ఎప్పుడో మూసేసిన క్యాంటీను మెనూ కూడా.
మూడో టేపులో, బుధవారం తెల్లారగట్ల,
వాసుపల్లి పోలేశ్వరి, రెండేళ్ళు.
గుండెలో మినపగింజంత చీకటి.

దాని వెనకే మిగతా పేర్లన్నీ చిట్టాలోకి నడిచొచ్చాయి.
ఎనభై మూడు.
తుడవలేదు ఇంకా.

ర్యాకు వెనక గోడ చెమ్మకి పెచ్చులూడుతోంది.
సన్యాసిరావు గారి లెక్కకి నకలు లేదని
ఫోన్‌తో ఓ ఫోటో తీశాను.
ఎక్కడ దాచానో
ఇందాకటి నుంచీ వెతుకుతున్నాను.