రసమట్టం

తిత్లీ తుపానుకి కూలిన పనసమానుతో
కోయించిన పెట్టె అది.
మైనం రేకులు మందసలో దొరకలేదు,
దొరికినా దమయంతి కొనేది కాదు.
"ఆటి ఇల్లు ఆటికి కట్టుకోడం రాదేటి?
నువ్వు పునాది పోసి ఇవ్వాలా, మేస్త్రీ?"

ఎనిమిది ఖాళీ చట్రాలు.
పైబద్ద అడుగున ఒక్కో వెదురు పుల్ల,
పుల్ల మీద కరిగించి గీసిన మైనం చార,
నేను గోడకి దారం కొట్టినట్టు.
ఇక్కణ్ణుంచి కట్టుకోండి అని చెప్పడం, అంతే.

జీడిపూత మొదలైన పన్నెండో రోజు మూత ఎత్తాం.
ఒకటో చట్రంలో మొదలైన పట్టు
కిందికొచ్చేసరికి రెండో చట్రంలో ఉంది.
రెండోది మూడోదాంట్లో.
నాకు నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ళ పనిలో
ఇంత వంకర గోడ ఏ కుర్రాడూ లేపలేదు.

దమయంతి నవ్వలేదు.
"గోడ కాదు, నేల సూడు."

రసమట్టం తెచ్చి పెట్టె మీద పెట్టాను.
బుడగ తూర్పుకి, సముద్రం వైపు,
పోయి కూచుంది.
పడమటి కాళ్ళు రెండూ తోట ఇసకలో
బొటనవేలంత దిగిపోయాయి.

లోపల ఈగలు ఒకదాని కాలు ఒకటి పట్టుకుని
గొలుసులా వేలాడుతున్నాయి.
గాలి ఆగిన మధ్యాన్నం
నా తూకపుగుండు అచ్చం అలాగే ఉంటుంది.
అవి నిలువుగానే కట్టాయి.
వాలింది మేం ఇచ్చిన ఇల్లు.

పెంకుముక్క ఒకటి దోపాను. చాల్లేదు. ఇంకోటి.
బుడగ నడిమికొచ్చింది.

తర్వాత పని ఆమెది.
కొబ్బరిపీచు పొగ, రెండే ఊదులు.
కొత్త పట్టు తెల్లగా, ముంజె మీది పొరలా ఉంది.
"పడుకోబెట్టకు. నిలువునే పట్టుకో,
నిలువునే తిప్పు."
విన్నాను. విని పడుకోబెట్టాను.
విరిగి అరచేతిలో పడింది,
అరల్లో తెల్లటి పిల్లలతో సహా, వెచ్చగా.
ఆమె ఏమీ అనలేదు.
ఆ రోజు నన్ను ఈగలు కుట్టలేదు, అదొక్కటే కుట్టింది.

వంకరవి కోసి, తేనె అంచు పైకి పెట్టి,
చట్రంలో నిటారుగా నిలిపి
అరటినారతో కట్టింది.
కాస్త తిన్నగా వచ్చిన రెండింటి నడుమ
ఖాళీ చట్రం దించింది.
"ఇటు గోడ, అటు గోడ.
మజ్జిలోది ఏ పక్కకి పోద్ది, సెప్పు?"

వారం తిరక్కుండా
గుమ్మం ముందు కొరికి పడేసిన నారపోగులు.
పట్టు అతుక్కుంది కాబోలు.
మూత ఎత్తి చూద్దామన్నాను.
"ఒగ్గేయ్" అంది.

రసమట్టానికి అంటిన తేనె నేను తుడవలేదు.
పలాసలో ఎవరిదో మూడో అంతస్తు,
అప్పుడే లేపిన గోడ మీద పెడితే
ఎక్కణ్ణుంచో వచ్చిన చీమ ఒకటి
గాజు మీద నడిచి నడిచి
బుడగ దగ్గర ఆగింది.