నాలుగు సెకన్లు

పొందూరు రైల్వేగేటు దగ్గర మా స్టూడియోలో
పెళ్లి ఆల్బమ్‌ల మధ్య కూర్చుని
పదకొండు నిమిషాల వీడియో కింద
మాటలు పేరుస్తున్నాను.

దాలమ్మ మాట్లాడుతోంది.
వాలుగ చేప దవడతో కొండపత్తిని దువ్వుతూ,
గింజ నుంచి నూగు విడదీస్తూ
కొత్తవాళ్లకి పని నేర్పుతోంది.
"ఏటనుకుంటన్నారో, సేప పల్లు సేసే పని
ఇనప దువ్వెన సెయ్యలేదు."
మిషన్ తనంతట తాను రాసింది:
"ఏరు అనుకుంటున్నారు, సేపు పల్లె చేసే పని."

మిషన్ తప్పేముంది?
దానికి తెలుగు నేర్పినవాళ్లెవరూ
చిలకపాలెం జంక్షన్‌లో బస్సు దిగినట్టు లేదు.
మా "ఏటి" దానికి ఎప్పుడూ ఏరే.
నిమిషానికో ఏరు పారుతోంది తెర మీద,
నేను కూర్చుని ఏరుకుంటున్నాను.

పక్కన స్టూలు మీద ఢిల్లేశ్వరి.
నేతగాళ్ల పిల్ల, పుట్టుచెవుడు.
దాలమ్మ దగ్గర పని నేర్చుకుంటోంది, చూసి.
వీడియోకి అక్షరాలు కావాలని
సొసైటీ వాళ్లని పట్టుబట్టింది తనే.
ఒళ్లో రూళ్ల నోటుబుక్కు,
చెవి మీద పెన్సిలు.
(ఆ చెవికి అదొక్కటే పని,
అని రాసి తనే నవ్వుతుంది.)

మొదటిరోజే రాసిచ్చింది:
"అక్షరాలు ఆమె చేతుల మీద వేశావు.
నేను వినేది ఆ చేతులనే. పైకి జరుపు."
పైకి జరిపాను.
"రెండు వరసలు మించకు.
చదివి, తలెత్తి, వేళ్లు చూసి, మళ్లీ రావాలి నేను."
కత్తిరించాను.
"సేపని చేప చెయ్యకు.
ఆమె పెదాలు సేప అన్నాయి."
దిద్దినదాన్ని మళ్లీ చెడగొట్టాను.
"మాటలేనా? చరఖా ఏమంటోంది?"

దీనికి మాత్రం చాలాసేపు పట్టింది.
గిర్రుమంటోందని రాస్తే
బొంగరం అనుకుంటుందేమో.
"దాని వణుకు నాకు తెలుసు, మోకాలికి తగులుతుంది.
నీకెలా ఉందో రాయి."
చెవులు మూసుకున్నాను, తెరిచాను.
చివరికి
[చరఖా సన్నగా మూలుగుతోంది. పోగు తెగింది. ఆగింది.]
అని పెట్టాను.
తను మోకాలి మీద చెయ్యి వేసుకుని
ఆ వరసని సరిచూసుకుంది.

ఎనిమిదో నిమిషం.
దాలమ్మ కెమెరాని మరిచిపోయి
పక్కకి తిరిగి ఎవరితోనో ఒక మాటంది.
మిషన్ రాసింది:
"ఆ చివరి గుంటకు ఏరు తెలుస్తుంది."
ఎవరైనా కవి రాసుంటే చప్పట్లు కొట్టేవాణ్ణి.
మా వైపు గుంటంటే గొయ్యి కాదు.
నాకు చెవులున్నాయి.
తుడిచేశాను.
ఖాళీ వదిలేశాను.

తెర మీద వేలితో తట్టింది ఢిల్లేశ్వరి.
పెదాలు కదిలాయి. అక్షరం లేదు.
"గాలి శబ్దం" అని రాసిచ్చాను.
వెనక్కి జరిపి చూసింది. మళ్లీ. మళ్లీ.
"గాలికి పెదాలుండవు" అని రాసింది.
ఆ కింద, పెన్సిలు మొన విరిగేలా నొక్కి:
"అందరూ విన్నారు కదా."

బయట గేటు పడింది.
పలాస పాసింజరు వెళ్లేదాకా
కీబోర్డు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను.
స్టూలు వణికింది.
రైలని నేను చెప్పక్కర్లేదు తనకి.
అప్పుడు కొట్టాను, ఒక్కొక్క అక్షరం,
[దాలమ్మ, పక్కనున్నామెతో]
"ఆ సెవిటి గుంటకేటి తెలస్తాది."

చదివింది.
నోటుబుక్కు మూసింది, తెరిచింది.
బొటనవేలి మీద పోగు కోసిన గీతని
అవతలి బొటనవేలితో నిమురుకుంది.
తీసెయ్యమంటుందనుకున్నాను.
పోనీ, లేచి వెళ్లిపోతుందనుకున్నాను.

మౌసు నా చేతిలోంచి తీసుకుని
ఆ ముక్క చివర పట్టుకుని
కాస్త కుడివైపుకి లాగింది.
విరిగిన మొనతోనే రాసింది:

"దీనికి రెండు సెకన్లు చాలవు.
నాలుగు ఉంచు."