వీపు మీద నాలుగు

కుర్మూర్తీ,
ఏడేండ్లు నీ ఎనక నిలబడ్డ.
నీ మొఖం నాకంత గుర్తుకు రాదు.
వీపు అడిగితే చెప్త:
కుడి భుజం జెర్ర కిందికి,
మెడ మీద సలాక కాలిన మచ్చ,
అంగి మీద పెయింటర్ ఆశప్ప
షాపు బోర్డుకు మిగిలిన ఎనామిల్‌తోని గీసిన నాలుగు.
ఎండకు పగిలి
నువ్వు వంగినప్పుడల్లా పెళుకులు రాలేవి.
గాలికి ఒక్కోటి గోల్‌పోస్టు దాక వచ్చేది,
ఎర్రగ.

బాదేపల్లి గ్రౌండ్ల గడ్డి ఎన్నడున్నది?
పల్లేరుగాయలు,
మార్కెట్ యార్డు నుంచి కొట్టుకొచ్చిన దూది,
ఆట నడుమ అడ్డంబడి పోయే మేకలు.
నువ్వు ముందట ఆడాలనుకున్నవ్,
గోలు కొట్టి అంగి ఇప్పి తిప్పాలనుకున్నవ్.
పీఈటీ సారు నీ కాళ్ల దిక్కు చూసి
"నీకు ఉరుకుడు తక్కువ, నిలబడుడు ఎక్కువ,
ఎనకకు రా" అన్నడు.
ఆ రాత్రి నువ్వు బువ్వ తినలే.
నాకైతే మస్తు సంతోషమైంది.
గోల్‌కీపర్‌ కన్న ఒంటరోడు ఎవడుంటడు?
నడుమ ఒక వీపు దొరికింది.

"ఎడమ! ఎడమ!" అని నేను ఒర్లేది.
నువ్వు తిరిగి చూడకపోయేది.
చూడకుంటనే జరిగేది.

మీ అయ్య గుంపుతోని పుణెకు పోయి
ఆర్నెల్లకొకపారి వచ్చేటోడు.
ఒక్కటే మ్యాచ్ చూసిండు.
నువ్వు ఒక్కసారి గూడ నడిమి గీత దాటలే.
ఆఖర్ల బీడి ఆర్పి
"నువ్వు గూడ గోడ పనికే వచ్చినవ్ రా" అన్నడు.
నవ్విండో లేదో ఇప్పటికీ తెల్వది.

హైదరాబాద్ సెలక్షన్లకు ఇద్దరం పోయినం.
బూట్లు ఒకటే జత.
పొద్దుగాల నా వంతు అయిపోయినంక
ఇప్పి నీకిచ్చిన.
ఒక నంబరు చిన్నయి.
సాయంత్రం నీ పేరు పిలిచిన్రు.
నువ్వు బొటనేలు గోరు పోగొట్టుకోని
బూట్లు తెచ్చిచ్చినవ్, లోపల నెత్తురు.
నేను కడగలే.

కేరళ క్లబ్బు. పదకొండు నెలల కాగితం.
నెలకు పద్దెనిమిది వేలు,
కొబ్బరి నూనె కూర,
గదిల నలుగురు, నాలుగు భాషలు.
ఐదు నెలలు బెంచీ మీదనే.
"సీటు మెత్తగున్నది రా ఖాజా" అని రాసినవ్.
తొలి ఆట డెబ్బై ఎనిమిదో నిమిషంల.
మూడు నిమిషాలు గాకముందే
నీ మనిషి నిన్ను తిరిగేసి పోయిండు, గోలైంది.
రాత్రి రెండింటికి ఫోన్ చేసినవ్.
ఆ సంగతే తియ్యలే.
"గ్రౌండ్ల పల్లేర్లు పీకిన్రా?" అన్నవ్.
పీకలేదన్న.
మంచిదన్నవ్.

ఇయ్యాల పోలేపల్లి కంపెనీల నాకు నైట్ షిఫ్ట్.
డబ్బాల నడుమ ఫోన్ నిలబెట్టిన,
సౌండ్ లేదు.
చేతులు గోలీల పట్టీలు లెక్కపెడుతున్నయ్.
కెమెరా అవుతలి గోలు దిక్కున్నది.
గట్ల, కుర్మూర్తీ,
మొదటిపారి నిన్ను ఎదురుంగ చూసిన.

కింది పెదవి కొరుక్కుంటున్నవ్.
కండ్లు పెద్దగైతున్నయ్.
వాడు బాలు పట్టుకోని నీ మీదికొస్తుంటే
గుటక మింగుతున్నవ్.

నీకు భయమైతదని
నాకెవడు చెప్పిండు?
ఏడేండ్లు నీ ఎనక నేను
ధైర్యంగ నిలబడ్డ గదరా.
భయమంతా ముందటికి పెట్టుకోని
నాకు ఉత్త వీపే ఇచ్చినవ్.

ఎనభై ఎనిమిదో నిమిషం.
ఇంకొకడు నీ ఎడమ పక్క నుంచి
దొంగలెక్క జొరవడుతున్నడు.
నువ్వు చూస్తలేవ్.
నాకు కనవడుతున్నది.
ఎట్లొచ్చిందో నోట్లకెంచి వచ్చింది,
షెడ్డు మొత్తం ఇనేటట్టు:
ఎడమ! ఎడమ!

నువ్వు చూడకుంటనే జరిగినవ్.
కాలు అడ్డంబెట్టినవ్.
బాలు బయటికి పోయింది, అంతే.
ఎవడు చప్పట్లు కొట్టలే.

నువ్వు ఇన్నవని అనను.
మా సూపర్‌వైజర్ మాత్రం ఇన్నడు.