లాట్ నంబర్ అరవై ఒకటి

నవంబరు గురువారం. పాత డ్రిల్ హాల్లో వేలం.
రేకుల మీద వాన.
నా పని ఎత్తి చూపించడం.
జర్వేజ్ పాస్క్ నంబరు పిలుస్తాడు,
నేను వస్తువును తలపైకి ఎత్తుతాను,
పాడేవాళ్ళు లేకపోతే దించుతాను.
దేని ధర ఎంతో నేను మరిచిపోతాను,
బరువు మాత్రం భుజాలకు గుర్తుంటుంది.

ఈసారి హెస్టర్ మాల్ట్‌బీ టీచర్ ఇల్లు.
ముప్పై ఒక్క ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి
నూట పద్నాలుగు లాట్లయి బల్లల మీద పడుంది.
ఐదు గొడుగులు, తెరుచుకునేది ఒక్కటే.
మూత బిగుసుకుపోయిన జాడీ.
ఎర్ర సిరా సీసా, సగం.

ఆ సిరా నాకు తెలుసు.
'ఎ లాట్' అనే రెండు మాటల్ని
నేను కలిపి కుట్టేసినప్పుడల్లా
నడుమ నిలువుగా ఒక గాటు పెట్టేది.
పక్కన చిన్న అక్షరాల్లో:
"ఎన్ని? లెక్కపెట్టి రాయి."
మా మామయ్యకు బోలెడు గొర్రెలని రాశాను ఒకసారి.
పదిహేడు. అందులో రెండు కుంటివి.
మళ్ళీ రాయించింది.

అరవై ఒకటి: చుట్టల పెట్టె.
లోపల చెక్క పేళ్ళు, బొటనవేలంతవి,
కత్తి మొనతో గీసిన గుర్తులు:
కాకి కాలు, మూకుడు, పందిచెవి, జంట గీతలు.
"ఆటకాయలు కాబోలు," అన్నాడు పాస్క్,
"రెండు పౌండ్లు? పోనీ ఒకటి?"
వాన తప్ప ఎవరూ పాడలేదు.

చివరి వరసలో అమోస్ త్రెడ్‌గోల్డ్ లేచాడు,
మోకాళ్ళు ముందు, మాట తరవాత.
"ఆటా! ఏటిపక్క గడ్డినేల ఎవరిదీ కాదప్పుడు.
కోతకు ముందురోజు వీటిని టోపీలో వేసి కుదిపేవాళ్ళు.
పసిపిల్ల కళ్ళు మూసుకుని తీసేది.
ఏ చెక్క చేతికొస్తే
ఆ గుర్తువాడికి ఆ ఏటికి ఒక నేలచెక్క.
మా నాన్నకు ఏడేళ్ళు వరసగా బురదే వచ్చింది.
తిట్టుకుందామంటే మనిషి లేడు. అదే దాని మేలు."

అప్పుడు గుర్తొచ్చింది,
ఒక మధ్యాహ్నం టీచర్ నన్ను నిలబెట్టి చెప్పింది,
నేను కిటికీలోంచి ట్రాక్టరు చూస్తున్నాను:
లాట్ అంటే మొదట చెక్క పేడేనట.
పూర్వం మాట ముందు ఒక ఊపిరి ఉండేదట, హ్లోట్,
పేడు పడేదాకా బిగబట్టి వదిలినట్టు.
ఆ ఊపిరి దారిలో రాలిపోయింది.
పేడు వాటా అయింది, వాటా నేలయింది,
నేల దక్కనివాడి నోట తలరాత అయింది.
అంగట్లో కుప్పయింది.
కుప్ప పొంగి, అంచులు తెగి,
ఎవరూ లెక్క అడగని 'బోలెడు' అయింది.
సముద్రం దాటి అక్కడ
కార్లు నిలిపే చదును కూడా అయిందట.
మా ఏటిపక్క గడ్డినేల
ఏ సముద్రమూ దాటకుండానే ఆ పని చేసింది.
ఇప్పుడక్కడ రాత్రిపూట లారీలు నిద్రపోతాయి.

పాస్క్ విసిగి, అరవై రెండును కూడా కలిపేశాడు,
అంచులు విరిగిన పింగాణీ పళ్ళేలు.
నాలుగు పౌండ్లకు అమోస్ పాలయ్యాయి.
తలుపు దగ్గర పెట్టె తెరిచి వేలితో జరిపాడు.
"పన్నెండు. పదమూడుండాలి."
ఏది లేదని నేనడగలేదు.
పళ్ళేలు నాకొదిలేసి
పెట్టెను కోటు కింద పెట్టుకుని వానలోకి వెళ్ళాడు.

రాత్రి ఇంట్లో బూట్లు విప్పుతుంటే
మా ఆవిడ డోర్కస్ అడిగింది,
బాగా పోయాయా అని.
'బోలెడు' నోటి చివర దాకా వచ్చి ఆగింది.
నూట తొమ్మిది, అన్నాను.
ఐదు పోలేదు, రేపు మట్టిపాలు.
కాదు, నాలుగు.
సిరా సీసా నా జేబులో ఉంది.
పళ్ళేలు పదకొండు,
మూడింటికి పగుళ్ళు.