ఆగుడు లెక్క

మామునూరు దాటినంక ఖమ్మం రోడ్డు మీద
ఎడమ దిక్కు వేలాడే పాత టైరే మా బోర్డు.
దాని మీద సున్నంతోని రాసిన గాలి అన్న మాట
సగం వానకు వోయి "గా" ఒక్కటే మిగిలింది.
ఏదో చెప్పబోయి ఆగినట్టుంటది.
మార్చలే.

ఆదివారం రాత్రి.
సొల్యూషన్ డబ్బాకు ఫోను ఒరగవెట్టి
నేనూ సాదిక్కూ రేసు సూస్తున్నం.
ఏ దేశమో, అక్కడ ఇంకా పగలే.
మెత్తటి రబ్బరుకు ఎర్ర గీత, నడిమి దానికి పసుపు,
గట్టిదానికి తెలుపు.
మెత్తది ఉరుకుతది, తొందరగ సచ్చిపోతది.
గట్టిది కోపం రాని మనిషి లెక్క,
వేడెక్కుడే ఆలస్యం.
ఇది నాకు ఎవలు చెప్పాలె?
ఇరవై ఆరేండ్లాయె
రబ్బరు వాసనతోటి అన్నం తినవట్టి.

ఇరవై మంది ఒక్కసారి మీదవడి
రెండు సెకన్లల్ల నాలుగు చక్రాలు మార్చిన్రు.
సాదిక్ నోరు తెరిచిండు.
"మనం ఇద్దరమే గదనే" అన్నడు
బాధతోని గాదు, లెక్క గట్టినట్టు.

నేను చక్రాలు సూడలే.
ఎప్పుడు పిలిచిన్రో అది సూసిన.
ఎనుకున్నోడు ముందటోన్ని దాటలేక దాటలేక
తోక వట్టుకొని తిరిగి తిరిగి
ఉన్నట్టుండి పక్కకు మల్లి ఆగిండు.
ముందటోడు నవ్వుకొనే ఉంటడు.
రెండు చుట్లయినంక తనూ ఆగి బయటికొచ్చేసరికి
కొత్త రబ్బరు మీద ఈడు
సర్రున ముందలికెల్లి పోయిండు.
"గిదేం మాయ?"
మాయ గాదు బిడ్డా,
ఎంత ఎన్కకు పోతే లాభమో ఎరికుండుడు.

అంతట్లనే గ్రానైటు లారీ వచ్చి ఆగింది.
కరీంనగర్ రాయి, కాకినాడ ఓడ.
ఓదెలు దిగలే, ఇంజను బంద్ జెయ్యలే.
"ఎన్క ఎడమ, లోపలిది. జర సూడే.
స్టెప్నీ హుజూరాబాద్ కాడనే పాయె."
కిందికి దూరి అరచెయ్యి వెట్టిన.
గీతలన్నీ అరిగి
పసిపిల్ల చెంప లెక్క నున్నగున్నది.
భుజం కాడ తీగ బయటవడి
వేలుకు గుచ్చుకున్నది.

"మార్చాలె ఓదన్నా. ముప్పావు గంట."
"పొద్దుగాల పదింటికి రేవుల ఉండాలె.
తొర్రూరు దాంక వస్తదా?"
"రావచ్చు."
"ఖమ్మం?"
నేను మాట్లాడలే.
వర్ధన్నపేట దిక్కు మెరుస్తున్నది.
తడి రోడ్డు అరిగిన టైరును సల్లవరిచి
కొంత దూరం కాపాడుతది.
బ్రేకు తొక్కిన కాడ అదే తడి మోసం జేస్తది.
ఒక్కటే వాన.

ఫోన్ల గూడ సినుకులు మొదలైనయి.
గోడ పక్కకు కూసున్న మనిషి
చెవుల మీద డబ్బాలు వెట్టుకొని
రా, రా, ఇప్పుడే రా అంటున్నడు.
కారులున్నోడు ఇంకొక్క చుట్టు అంటున్నడు.
ఆ భాష నాకు రాదు.
ఆ గొంతు ఎరికే,
ఇన్నేండ్ల సంది లారీ కిటికీలల్లకెల్లి ఇనవట్టి.

ఓదెలు గేరేసిండు.
ఇరవై టన్నుల రాయి
మెల్లగ, మెల్లగ చీకట్ల కలిసింది.

నేను బీడీ ముట్టించబోయి ఆపిన.
రానోని కాడికి మనమే పోవాలె.
"జాకీ ఎయ్యి. రెండు టైర్లు, పానా, దుప్పటి."
ట్రాలీ ఆటో దగ్గి దగ్గి లేసింది.
ఇల్లందల సన్నటి జల్లు,
వర్ధన్నపేటల ధారలు.
జేబుల ఫోను పరాయి భాషల ఒర్రుతనే ఉన్నది,
ఎవలు గెలుస్తున్నరో ఏమో.

రాయపర్తి ఇవతల, మూల మలుపు కాడ
ఎర్ర లైట్లు రెండు ఆగి కనవడ్డయి.
పేలిందో,
ఆయననే ఆపిండో,
దూరానికి తెలుస్తలేదు.
సాదిక్ ఆటో ఆగకముందే కిందికి దుంకిండు,
పానా భుజాన వెట్టుకొని.
"టైం సూడే" అన్నడు.