శబ్దం పుట్టే చోటు

తొజావా గారికి ఇప్పుడు నా బ్యాటు కనబడదు.
రెండు కళ్ళలోనూ పొర.
నలభై ఏళ్ళు మంచు తోసే బండి నడిపిన మనిషి,
తెల్లదనం చూసీ చూసీ అరిగిపోయాయంటాడు కళ్ళు.

యోకోతెలో జనవరి.
మైదానం ఆరడుగుల లోతున నిద్రపోతోంది.
వడ్లు ఖాళీ అయిన గోదాములో
ఒక్క బల్బు కింద నేను.
కిరసనాయిలు పొయ్యి పక్కన
బోర్లించిన పెట్టె మీద ఆయన.
బంతి లేదు. వేసేవాళ్ళూ లేరు.
"ఊపు," అంటాడు.

సుయ్య్...

"చెవి వెనకాల మోగింది.
నీ గాలంతా అక్కడే ఖర్చయిపోయింది.
బంతి దగ్గరికి వచ్చేసరికి
నీ చేతిలో మిగిలింది వట్టి కర్ర."

పోయిన వేసవంతా ఇంతే.
మా అమ్మాయిల జట్టుకి పదకొండు మ్యాచ్‌లు,
నావి నాలుగు హిట్లు.
మిగతావన్నీ షార్ట్‌స్టాప్ చేతిలోకి
పెంపుడు పిల్లుల్లా దొర్లుకుంటూ పోయిన బంతులు.
బలం చాలదనుకుని శరదృతువంతా దండీలు తీశాను.
చెబితే నవ్వాడు.
"చేతులా? అవి కబురు మోసేవి.
కబురు పుట్టేది కింద."

మెడలో తువ్వాలు తీసి నా వైపు విసిరాడు.
మడిచి కుడి చంకలో పెట్టుకో,
నడుము తిరిగేదాకా పడనివ్వకు.
ఎడమ పాదం గుడ్ల బుట్టలో పెట్టినంత మెల్లగా దించు.
మడమ నేలకు ఆనాక తుంటి.
తుంటి తిరిగాక భుజం.
ఆ తర్వాత, ఇక ఆగలేక, చేతులు.

వినడానికి వరస. చెయ్యబోతే గుంపు.
బడి గంట కొట్టినట్టు
అన్నీ ఒక్కసారే గుమ్మం దగ్గరికి తోసుకొస్తాయి.
తువ్వాలు పడింది.
నూట పదమూడు సార్లు పడింది.
లెక్క ఆయనే పెట్టాడు,
అది నేలను తాకే మెత్తటి చప్పుడు విని.

ఫిబ్రవరిలో ఒక రాత్రి,
అలసిపోయి, నాకు చేతులున్న సంగతే మరిచిపోయినప్పుడు
తుంటి తనంతట తానే కదిలింది.
బ్యాటు ఒక్క క్షణం వెనకే ఉండిపోయింది,
పిలుపు వినబడని పిల్లలా.
తర్వాత రివ్వుమంది
నా ముందు,
ఎడమ మోకాలికి ఎదురుగా,
బంతి ఉండాల్సిన ఖాళీలో.

ఆయన ఏమీ అనలేదు. పొయ్యి వత్తి తగ్గించాడు.
"ఇంకోటి," అన్నాడు కాసేపటికి.
ఇంకోటి చెవి వెనకే మోగింది.

ఇంటికి నడుస్తుంటే
మంచు ఎత్తిపోస్తున్న వీధంతా వినబడింది.
పోస్టాఫీసు ముందు హొనామి గారి పార
భుజాల్లోంచి వస్తోంది.
మా నాన్నది మరీ అన్యాయం, ఒట్టి ముంజేతులు.
"నాన్నా, ముందు నడుము," అన్నాను గేటు దగ్గర.
పార ఆపి నన్ను ఎగాదిగా చూశాడు.
"అన్నం చల్లారిపోతోంది," అన్నాడు.

పక్కలో, దుప్పటి కింద,
ఎడమ మడమ మెల్లగా దించి చూసుకున్నాను.
గుడ్లు పగల్లేదు.