ఖాళీలూ లెక్కలోకే

లాండ్రీలో నాలుగో నంబరు మిషను
నా రాత్రి డ్యూటీ యూనిఫాంని తిప్పుతోంది.
దాని నెత్తిన ల్యాప్‌టాప్ పెట్టుకుని నిలబడ్డాను.
ఐదువేల మూడొందల అక్షరాల్లో
డాక్టరు ఎందుకవ్వాలనుకుంటున్నానో చెప్పాలి.
ఖాళీలూ లెక్కలోకే వస్తాయట.
మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకున్నా
ఒక అక్షరం ఖర్చు.

పేరు ట్రెస్సా రాట్లిఫ్. వయసు ముప్పై ఒకటి.
ఊరు కెంటకీ కొండల్లో, రెండు వాగులు కలిసే చోట.
ఆర్గానిక్ కెమిస్ట్రీలో మొదటిసారి సి,
రెండోసారి ఏ మైనస్.
మధ్యలో ఒక విడాకులు, ఒక వరద.
వరద గురించి రాస్తే జాలి అడుక్కున్నట్టుంటుంది,
రాయకపోతే ఆ సి ఒంటరిగా నిలబడుతుంది.
రెండు వాక్యాలిచ్చాను దానికి.
మా ట్రైలర్‌ని మోసుకుపోవడానికి
అంతకంటే ఎక్కువ సేపేం తీసుకోలేదది.

ఇక గంటల పట్టిక.
డాక్టర్ లైకిన్స్ వెనక నిలబడి చూసినవి నూట నలభై.
నర్సింగ్ హోమ్‌లో మూడువేల ఆరొందలు.
పక్కబట్టలు మార్చిన రాత్రులన్నీ
క్లినికల్ అనుభవమనే గడిలో పడుకున్నాయి బుద్ధిగా.
మిసెస్ కోడిల్‌కి ప్రతి సాయంత్రం
ఆవిడ చచ్చిపోయిన కుక్క పేరు గుర్తుచేస్తానే,
అదే గడిలోకి పోతుంది?

ఫీజులు కట్టాక లారీటైర్ల డబ్బు అయిపోయింది.
అరిగిన టైర్లతోనే దిగుతున్నాను ఘాటు.
ఆరు కాలేజీలు, నాలుగు బోడి టైర్లు.

"చావుతో మొదలుపెట్టకు" అంది కాలేజీలో సలహాలిచ్చే మిస్ ప్రూయిట్,
"ప్రతి దరఖాస్తులోనూ ఒకటుంటుంది."
నాది చావుతో మొదలవ్వలేదు.
ఎస్టెప్ గారి పక్కటెముకలతో మొదలైంది.

ముప్పై రెండేళ్ళు గనిలో పీల్చిన బొగ్గు
ఆయన గుండెల్లో ఇల్లు కట్టుకుంది.
డాక్టరు ఆయన వీపు కింద చెయ్యి పెట్టి
దాని మీద నన్ను చెయ్యి వెయ్యమన్నారు.
"నొక్కకు. వెతక్కు. వచ్చేదాకా ఉండు."
ఏం వస్తుందో అడగలేదు.
నా మోచెయ్యి తిమ్మిరెక్కింది.
గోడవతల ఎవరి టీవీలోనో వంటల పోటీ అయిపోయింది.
అప్పుడు, వానకి ఉబ్బిన సొరుగు
అర అంగుళం జరిగినట్టు
ఒక ఎముక లేచింది.
ఎస్టెప్ గారు కళ్ళు తెరిచి
"ఇవాళ మధ్యాహ్నానికేంటి?" అన్నారు.

అంతే. అద్భుతం కాదు.
మార్చిలో పోయారు కూడా.

బయటికొచ్చాక "మీది మంచి హస్తవాసి" అన్నాను.
చేతులు కడుక్కుంటూ ఆయన నవ్వలేదు.
"వాసీ లేదు, గీసీ లేదు.
నలభై ఏళ్ళుగా ఆగడం నేర్చుకుంటోంది, అంతే.
ఇంకా తొందరపడుతూనే ఉంటుంది, దొంగముండ."
అలాంటి మనిషి నా సిఫారసు ఉత్తరానికి
మూడు వారాలు ఆలస్యం చేశారు.
రెండు వేళ్ళతో టైపు చేస్తారు మరి.

రాత్రి మా చెల్లి డెల్ఫా ఇంటర్వ్యూ చేసింది,
చిప్స్ తింటూ, నాన్నగారి కళ్ళజోడు పెట్టుకుని.
"ఎం.డి. కాకుండా డి.ఓ. ఎందుకు?"
దేహమూ మనసూ ఒకటేనని నమ్ముతాను కాబట్టి, అన్నాను.
"బట్టీ. మళ్ళీ చెప్పు."
మనిషిని మొత్తంగా చూసే వైద్యం...
"బ్రోషర్. మళ్ళీ చెప్పు."
ఎస్టెప్ గారికి ఆకలేసింది, అన్నాను.
చిప్స్ నమలడం ఆపింది.

ఇప్పుడు లెక్క ఐదువేల మూడొందల నలభై ఒకటి.
నలభై ఒకటి ఎక్కడ కొయ్యాలి?
మధ్యాహ్నం భోజనం మాట ముట్టుకోను.
వరదని ఇంకా చిన్నది చెయ్యలేను.
మొదటి వాక్యం చూశాను:
చిన్నప్పట్నుంచీ డాక్టరవ్వాలని నా కల.
అబద్ధం. చిన్నప్పుడు నాకు
బుల్డోజరు నడపాలనుండేది.
కొట్టేశాను.

ఏడు మిగిలాయి.
వాటిలో ఏం పెట్టాలో తోచలేదు, పెట్టలేదు.

మిషను ఆగినట్టుంది.
తలుపు తియ్యబోయి, అరచెయ్యి ఆన్చాను,
లోపల డ్రమ్ము ఇంకా కదులుతోందేమోనని.